ఆంగ్లవాక్యమును విప్పి చూచుట

ఆంగ్లవ్యాకరణములో వాక్యవిభజనమను నభ్యాసము మన పాఠశాలలలో నానాటికి సన్నగిల్లుచున్నది. పూర్వము హైస్కూలు తరగతులలో వారమున కొక గంటయైన దీనికై కేటాయింపబడుచుండెను. ఉపాధ్యాయుడు నల్లబల్లపై నొక పొడుగుపాటి వాక్యము వ్రాసి, దాని కర్త యేది, క్రియ యేది, కర్మ యేది, ఏ యుపవాక్యము దేని నాశ్రయించి యున్నది యని ప్రశ్నించుచుండెను. నేడు పెక్కు బడులలో నా స్థానమును ఖాళీలు పూరించుటయు, నాలుగు జవాబులలో సరియైనదానికి గుర్తు పెట్టుటయు నాక్రమించినవి. దీనికి కొందఱు సంతసించుచున్నారు. మాకు మాత్రము సంతసింప గారణము కనబడదు. అట్లని పాత పద్ధతిని యథాతథముగ మరల దెచ్చి పిల్లల నెత్తిన బెట్టుడని చెప్పుటయు మా యభిప్రాయము గాదు. ఈ రెంటి నడుమ మా మాట యేదో పాఠకులకు మనవి చేయ దలచితిమి.

ఈ విద్యకు పార్సింగనియు, ఎనాలిసిసనియు రెండు పేర్లు వాడుకలో నున్నవి. రెండును ఒక్కటి గావు. పార్సింగనగా వాక్యములోని యొక్కొక్క మాటను వేఱుగ దీసికొని, ఇది నామవాచకము, ఏకవచనము, ఫలానా క్రియకు కర్త యని చెప్పుట. భాగమను నర్థముగల లాటినుపదమునుండి యీ పేరు పుట్టినది. "ఈ మాట యే భాషాభాగము?" అని పిల్లవాని నడుగుట లాటిను బడులలో శతాబ్దులనాటి యాచారము. 1795లో లిండ్లీ మరే ప్రకటించిన ఆంగ్లవ్యాకరణము ఆ లాటినుచొక్కానే ఆంగ్లమునకు దొడిగినది. ఎనాలిసి సట్లు గాదు. అది మాటతో గాక వాక్యమంతటితో నారంభించి, మొదట రెండు పెద్ద ముక్కలుగను, పిమ్మట చిన్న ముక్కలుగను విడదీయును. బెకరను జర్మనుపండితుని భావములను గైకొని, ఇంగ్లండులో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా నుండిన జె. డి. మోరెల్ 1852లో దీనిని గూర్చి యొక పుస్తకము వెలువరించెను.

అమెరికావారు దీనికి బొమ్మలు గట్టిరి. న్యూయార్కు రాష్ట్రమున ఉపాధ్యాయుడైన స్టీఫెన్ క్లార్కు 1847లో వాక్యములోని మాటలను కోడిగ్రుడ్డువంటి గీతలలో నిమిడ్చి, ఆ గ్రుడ్లను ఒకదానికొకటి యంటించి చూపెను. 1877లో బ్రూక్లినులోని ఉపాధ్యాయులు అలాంజో రీడు, బ్రెయినర్డు కెల్లాగు అనువారు గ్రుడ్లను దీసివైచి గీతలు మాత్రము మిగిల్చిరి. అడ్డముగ నొక గీత. దానిని నిలువునా కోసికొని పోవు గీతకు ఎడమవైపున కర్త, కుడివైపున క్రియ. క్రియకును కర్మకును నడుమ, అడ్డగీతపై నిలిచి క్రిందికి దిగని పొట్టిగీత యొకటి. విశేషణములన్నియు క్రిందికి వ్రేలాడు వాలుగీతలపైన. ఈ బొమ్మ మన దేశపు బడులలో నంతగా నాటుకొనలేదు. మనకబ్బినది పట్టికల పద్ధతి. ఉత్తరదేశమున విద్యాశాఖాధికారిగ బనిచేసిన నెస్‌ఫీల్డు దొర వ్యాకరణములును, 1930వ దశకమున వచ్చిన రెన్ను మార్టినుల పుస్తకమును దానిని మనకు నేర్పినవి. ఆ రెన్ను 1924లో వెలువడిన బ్యూ జెస్టు అను సాహసపు నవలను వ్రాసి లోకప్రసిద్ధుడైన రచయిత యని మన పిల్లల కెఱుక లేదు. వారి కాయన పేరు వినినంతనే చెమటలు పట్టును.

ఇదంతయు తెల్లవారు దెచ్చిపెట్టిన క్రొత్తవిద్య యని తలచువారు మన తెలుగుపండితుని తరగతిలో నొక గంట కూర్చుండి చూడవలెను. పద్యమును చదివి, పదములు విడగొట్టి, క్రియను బట్టుకొని, "ఎవడు? ఎవనిని? దేనితో? ఎందుకొఱకు? ఎక్కడ?" అని యడుగుచు అన్వయము కుదుర్చుట మన కెన్నడో యలవాటైన పని. సంస్కృతము చెప్పువారు దీనిని ఖండాన్వయమందురు. క్రియను నడుమ నిలిపి దాని చుట్టును కర్తృకర్మకరణాదులను గూర్చుట పాణిని నాటినుండి వచ్చుచున్న కారకవిచారమే. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమందును కారకపరిచ్ఛేద మున్నది. మాటల గుంపు వాక్యమగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యని మూడు వలయునని మన శాస్త్రకారులు చెప్పిరి. "తెచ్చెను" అనగానే ఎవడు, ఏమి యని మనస్సు కనిపెట్టుకొని యుండుట యాకాంక్ష. "నిప్పుతో తడిపెను" అనిన మాటలన్నియు కుదిరినను అర్థము కుదరదు. అది యోగ్యత లేకపోవుట. ఒక మాట యిప్పుడును, రెండవ మాట సాయంకాలమును పలికిన సన్నిధి లేదు. ఆంగ్లవాక్యమును విప్పుటకు ఈ మూటికంటె మంచి పనిముట్లు మాకు నెస్‌ఫీల్డు పట్టికలలో దొరకలేదు. ఆకాంక్ష నెఱిగిన పిల్లవానికి ట్రాన్సిటివు క్రియ యననేమో వేఱుగ చెప్పవలసిన పనియే లేదు.

ఇక అసలు చిక్కు. తెలుగువాక్యపు నడక వేఱు, ఆంగ్లవాక్యపు నడక వేఱు. "పిల్లవాడు లేచి, ముఖము గడుగుకొని, చల్దియన్నము తిని, పుస్తకములు తీసికొని బడికి వచ్చెను" అను వాక్యములో సమాపకక్రియ యొక్కటే, అదియు చిట్టచివర. లేచి, కడుగుకొని, తిని, తీసికొని యనునవి యన్నియు దానికొఱ కెదురుచూచుచు నిలిచినవి. కావున తెలుగుబిడ్డ చెవి చిన్ననాటినుండియు వాక్యపు తుదివఱకు నాగి, అక్కడ వచ్చిన క్రియయే ముఖ్యమని యెఱుగును. ఆంగ్లములో ముఖ్యక్రియ కర్తవెంటనే ముందు వచ్చి కూర్చుండును. దాని తరువాత మఱి రెండో మూడో క్రియలు, ఒక్కొక్కటి తన కర్తను దాను వెంటబెట్టుకొని వచ్చును. "ది టీచర్ టోల్డ్ ది బాయ్ హూ హాడ్ బ్రోకెన్ ది స్లేట్ దట్ హిజ్ ఫాదర్ మస్ట్ కమ్" అను వాక్యమును మేము తొమ్మిదవ తరగతి వారి కిచ్చి, ఇందులో నెవరేమి చేసిరని యడిగితిమి. తండ్రి వచ్చెనని చెప్పినవారే యెక్కువమంది. వారు మందబుద్ధులు గారు. తెలుగుచెవితో చదివి, తుదిక్రియను బట్టుకొనిరి. తండ్రి యింకను రానే లేదు. టీచరు చెప్పెను, అంతియే జరిగినది. పలక యంతకుముందే పగిలినది.

విశేషణోపవాక్యముల సంగతి మఱింత విచిత్రము. "వేళ్లు పీల్చుకొను నీరు ఆకులకు ఎక్కును" అని మనమందుము. నీటిని గూర్చిన ముచ్చట యంతయు నీటికి ముందే ముగియును. తరువాత నీరు తన పని తాను చేయును. ఆంగ్లములో "ది వాటర్ విచ్ ది రూట్స్ అబ్జార్బ్ రైజెస్ టు ది లీవ్స్" అని నీరు ముందు వచ్చి, దానిని గూర్చిన ముచ్చట వెనుక జొరబడి, రెండు క్రియలు ప్రక్కప్రక్కన నిలుచును. "అబ్జార్బ్ రైజెస్" అని యొక్క గ్రుక్కలో చదివిన పిల్లవానికి అది యే యర్థము నియ్యదు. ఆ "విచ్" అను మాట లేకయు ఆంగ్లేయులు వ్రాయుదురు. అప్పుడు చిక్కు రెట్టింపగును. ఇట్టి వాక్యములు సాహిత్యగ్రంథములలో దాగియున్నవి గావు. పిల్లల సైన్సుపుస్తకమున నేపుట తిప్పినను కనబడును. అన్ని పాఠములను ఆంగ్లములోనే చదువు బిడ్డలు నేడు మన యిండ్లలో నెందఱో యున్నారు. వారిలో చాలమంది ఈ వాక్యమును విడదీయలేక, అచ్చులో నున్నదున్నట్లు వల్లించి, పరీక్షలో నప్పగించి, మార్కులు తెచ్చుకొనుచున్నారు. నీ రెటుపోయినదో వారి కక్కఱలేదు.

చిన్నచిన్న తేడాలును కలవు. "రాముడు మంచివాడు" అనుటకు మనకు క్రియయే వలదు, ఆంగ్లమునకు వలయును. "వచ్చితిని" అనినచో నేనను మాట క్రియలోనే యిమిడియున్నది. ఆంగ్లములో దానిని విడిగ బలుకక తప్పదు. "నాకు జ్వరము వచ్చినది" అనునప్పుడు మన భాషలో వచ్చినది జ్వరము. ఆంగ్లములో జ్వరమును గలిగియుండువాడు నేను. ఒక బాలిక "ఇట్ ఈజ్ రెయినింగ్" అను వాక్యమును జూచి, "ఇక్కడ ఇట్ అనగా నేది, సార్? కురియునది వాన గదా!" అని మమ్మడిగినది. ఆ యేడాది మేము వినిన ప్రశ్నలలో నదియే మేలైనది. ఆ "ఇట్" ఏమియు గాదు. కర్తలేని వాక్యమును ఆంగ్లము సహింపజాలదు గనుక, ఖాళీకుర్చీలో బట్ట పఱచినట్లు అక్కడ నొక మాట నుంచినారు. ఈ సంగతి తెలిసిన పిల్ల "ఈజ్ రెయినింగ్" అని మఱల వ్రాయదు. ఎఱ్ఱసిరాతో నెన్ని మారులు దిద్దినను రాని ఫలమిది.

ఇది కేవలము బడిలోని మాటయే యైన మేమింతగా పట్టుపట్టము. మా యూరి కూలితల్లి యొకతె యొకనాడు ఆంగ్లములో వచ్చిన కాగితమొకటి చేతబట్టుకొని, పదవ తరగతి చదువు కుమారునితో మాయొద్దకు వచ్చినది. పిల్లవాడు దానిని తడబాటు లేక చదివెను. ఉచ్చారణయు బాగుగనే యున్నది. ఏమున్నదని తల్లి యడుగగా "మనకు స్కాలర్‌షిప్పు రాదంటమ్మా" అనెను. ఆమె ముఖము వాడినది. కాగితములోని మాట యిది: "ది స్కాలర్‌షిప్ విల్ నాట్ బి పెయిడ్ టు ఎనీ పూపిల్ హూజ్ పేరెంట్ ఫెయిల్స్ టు సబ్మిట్ ది ఇన్‌కమ్ సర్టిఫికెట్ బిఫోర్ ది ఎండ్ ఆఫ్ ది మంత్." వాడు మొదటి యాఱుమాటలు చదివి, క్రియ దొరికినదని యక్కడనే నిలిచిపోయినాడు. "ఏ పిల్లవానికి రాదు?" అని మేమడిగితిమి. వాడు మరల జూచెను. "ఎవని తండ్రియో తల్లియో ఏమి చేయకపోయిన రాదు?" అని మరల నడిగితిమి. కొంతసేపటికి వాడే తలయెత్తి, "సర్టిఫికెట్టు ఇవ్వకపోతేనే రాదు, ఇస్తే వస్తుందమ్మా!" అనెను. "అయితే గడువు ఇంకా ఉందా, అయ్యగారూ?" అని ఆ తల్లి యడిగినది. ఎనిమిది దినములున్నవి. ఆమె మఱునాడే కూలి మానుకొని తాలూకాకచేరికి పోయినది. వాక్యవిభజన మనగా మాదృష్టిలో నిది.

దీనికి విరుద్ధముగ బలుకువారి వాదము తేలికైనది గాదు. 1963లో అమెరికాలో బ్రాడక్, లాయిడ్-జోన్స్, షోయర్ అను మువ్వురు అంతకుముందు జరిగిన పరిశోధనలను బరిశీలించి, వ్యాకరణమును విడిగ బోధించుటవలన పిల్లల రచన మెఱుగుపడదనియు, వ్రాయవలసిన కాలమును అది మ్రింగివేయును గనుక కీడును కలుగవచ్చుననియు నిర్ణయించిరి. 1976లో న్యూజీలండునందు వెలువడిన మఱియొక పరిశోధనయు, మూడేండ్లు వ్యాకరణము చదివిన పిల్లలకును చదువనివారికిని రచనలో జెప్పుకోదగ్గ భేదము లేదని తేల్చినది. ఇంగ్లండులో నయితే ఎదురుగాలి వీచినది: 2013 మొదలు ప్రాథమికపాఠశాల ముగించు పిల్లలకు వ్యాకరణపరీక్ష పెట్టబడినది, అక్కడి తల్లిదండ్రులును రచయితలును అనేకులు దానిని జూచి విసుగుకొనిరి. ఈ మాటలన్నియు మేము గౌరవముతో వినుచున్నాము. కాని యొక్క సంగతి గమనింపుడు. ఆ పరిశోధనలు జరిగిన బడులలో ఆంగ్లము పెక్కుమంది పిల్లలకు తల్లిపాలతో వచ్చిన భాష. అక్కడ గొలిచినది వారి వ్రాత. మన పిల్లలకు ముందుగా వలసినది వ్రాత గాదు, చదివినది బోధపడుట. తన యింటిలోనే పుట్టి పెరిగినవానికి ఇంటిపటము చూపనక్కఱలేదు. చీకటిలో క్రొత్తయిల్లు చొచ్చినవానికి గుమ్మ మెక్కడనో చెప్పక తప్పదు.

చేతి ఫోను తెలుగుచేసి పెట్టుచుండ నీ శ్రమ యెందుకని యడుగు తండ్రులును కలరు. ఫోను చాల చక్కగ తెలుగుచేయును; మేమును వాడుచుందుము. అయినను "ది వాచ్‌మన్ కాట్ ది థీఫ్ విత్ ది లాంటర్న్" అని యుండినయెడల, లాంతరు కావలివాని చేతిలో నున్నదా, దొంగ చేతిలో నున్నదా? తెలుగులో "లాంతరుతో పట్టుకొనెను" అనుట వేఱు, "లాంతరుగల దొంగను పట్టుకొనెను" అనుట వేఱు. ఫోను రెంటిలో నొకదానిని ఎంచి మన కిచ్చును. రెండవది యున్నదని తెలియనివాడు ఇచ్చినదే పుచ్చుకొని పోవును.

పాత పద్ధతిలోని లోపములను మేము దాచము. పట్టికలో గడులు నింపుటయే పరమార్థమైపోయినది. ఇది "అడ్వర్బ్ క్లాజ్ ఆఫ్ కండిషనా", "కన్‌సెషనా" యని యుపాధ్యాయులే తగవులాడుకొన్న సందర్భములు మాకు దెలియును. వాక్యపు టర్థము చెప్పుమనిన నోరెత్తలేని విద్యార్థి, దాని పట్టికను ఒక్కతప్పు లేకుండ గట్టి పదికి పది మార్కులు దెచ్చుకొనుట యప్పుడు సాధ్యమై యుండెను. ఏలయన "హూ" వచ్చినచో ఫలానా పేరు, "ఇఫ్" వచ్చినచో ఫలానా పేరు అని కంఠస్థము చేసిన చాలును. అర్థములేని యట్టి యన్వయమును మన పండితులు ఒక నిమిష మయినను సహించియుండరు. ఇక నుదాహరణముల మాట. మంచు, మేపుల్ చెట్లు, నక్కల వేట, సముద్రయుద్ధములు! గోదావరిగట్టున బెరిగిన బిడ్డకు వాక్యమొక చిక్కు, వస్తువొక చిక్కు.

కావున మా కోరిక యింతే. పేర్లు తగ్గింపుడు. కర్త, క్రియ, కర్మ, పూరకము, వానిని వివరించునవి, ఇంతకుమించి యెనిమిదవ తరగతి వఱకు నక్కఱలేదు. ముందు సమాపకక్రియలను లెక్కించి గీత గీయవలెను. ఎన్ని క్రియలో అన్ని వాక్యములని తెలియును. ఒక్కొక్క క్రియను "ఎవరు?" అని యడుగవలెను. వాక్యములో నే క్రియ యే ఇతర మాటకును లొంగక నిలిచియున్నదో అదియే ముఖ్యము. తక్కిన ముక్కలపై జేయి మూసి చదివినను అది నిలువవలెను. పిమ్మట చేయి తీసి, ఒక్కొక్క ముక్క యెక్కడ నతుకుకొనునో చూడవలెను. తుదకు తెలుగులో జెప్పవలెను. తెలుగులో చెప్పుట యొక మెట్టు తక్కువపని యని కొందఱు ఆంగ్లోపాధ్యాయులు తలచుచున్నారు. తరగతిలో తెలుగుమాట వినబడిన నదియొక యపచారమని భావించుచున్నారు. మాకది సమ్మతము గాదు. విడదీసిన ముక్కలు మరల గూడినవో లేదో తెలిసికొనుటకు తెలుగుకంటె నమ్మకమైన త్రాసు మన బిడ్డలకు వేఱొకటి లేదు. ఇక వాక్యములను వ్యాకరణపుస్తకమునుండి గాక, వారు చదువు సైన్సునుండియు, చరిత్రనుండియు, బస్సుటిక్కెట్టు వెనుకనుండియు, మందుసీసా చీటినుండియు దీసికొనవలెను. దినమునకు రెండు వాక్యములు చాలును. మార్కులు పేర్లకు గాక అర్థమున కీయవలెను.

ఈ పనిలో తెలుగుపండితులును ఆంగ్లోపాధ్యాయులును ఒకరి గది కొకరు పోక యుండుట మాకు వింతగ దోచును. ఒకే పిల్లవాడు పదిగంటలకు పద్యమున కన్వయము చెప్పి, పదునొకండు గంటలకు ఆంగ్లవాక్యమును జూచి కన్నులు తేలవేయుచున్నాడు. మొదటి గంటలో చేసినపనియే రెండవ గంటలోను చేయుచున్నానని వానికి చెప్పినవారు లేరు. రాబోవు సంవత్సరము తొమ్మిదవ తరగతికి వారమున కొక గంట యిద్దఱు నుపాధ్యాయులు కలిసి, నల్లబల్లపై నొకప్రక్క తెలుగుపద్యమును, రెండవప్రక్క ఆంగ్లవాక్యమును వ్రాసి విప్పి చూపినయెడల బాగుండునని మేము హెడ్మాస్టరుగారికి మనవి చేసికొంటిమి. వారు కాలపట్టిక చూచి చెప్పెదమనిరి.

తల్లిదండ్రులకు మఱియొక మనవి. మీ యింటికి వచ్చిన ఆంగ్లపు కాగితములలో, చీటీలలో, నోటీసులలో మీకు బోధపడని వాక్య మేదైన నున్నయెడల, పేరును అంకెలును కొట్టివైచి, మీ బిడ్డచేత కాపీ చేయించి మాకు పంపుడు. శుక్రవారము కడపటి గంటలో దానిని నల్లబల్లపై వ్రాసి, పిల్లలచేతనే విప్పించి, తెలుగులో తిరిగి మీకు పంపించెదము.